మెదడు చరిత్ర – 9వ భాగం: హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఆపరేషన్

కిందటి భాగంలో కార్ల్ లాష్లీని ఎలుకల బోనుల దగ్గర వదిలి వచ్చాం. ముప్పై ఏళ్లపాటు ఆయన చేసింది ఒకటే పని. ఎలుకకు చిక్కుదారి నేర్పడం, మెదడు పైపొరలో ఒక ముక్క తీసేయడం, దారి ఇంకా గుర్తుందో లేదో చూడటం. ఎక్కడ తీసినా ఎలుక పూర్తిగా మరిచిపోలేదు. తీసిన ముక్క పెద్దదయ్యేకొద్దీ తడబాటు పెరిగింది, అంతే. 1950లో తన లెక్కలన్నీ ఒక వ్యాసంలో కూర్చి, జ్ఞాపకానికి మెదడులో ఫలానా చోటంటూ దొరకలేదని చేతులెత్తేశారు. ఇదంతా చూస్తుంటే నేర్చుకోవడమనేది అసలు సాధ్యమే కాదేమోనని సగం వేళాకోళంగా రాశారు కూడా.

లాష్లీ వెతికింది ముఖ్యంగా పైపొరలో. లోతుకు వెళ్లిన కత్తి మరొకరిది. 1953 వేసవి చివర, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో అది ఒక మనిషి తలలోకి దిగింది. ఈ భాగమంతా ఆ మనిషిదే.

పేరు హెన్రీ మొలైసన్. 1926 ఫిబ్రవరి 26న పుట్టాడు. తండ్రి ఎలక్ట్రీషియన్, ఇతనొక్కడే సంతానం. చిన్నప్పుడు వీధిలో సైకిలు గుద్ది తలకు దెబ్బ తగిలింది. పదేళ్ల వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. మొదట్లో చిన్నవే: కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయేది, మళ్లీ మామూలైపోయేవాడు. సరిగ్గా పదిహేనో పుట్టినరోజున, అమ్మానాన్నలతో కారులో వస్తుండగా మొదటి పెద్ద ఫిట్ వచ్చింది. సైకిలు దెబ్బే దీనికి కారణమని ఖాయంగా చెప్పలేం, తండ్రి వైపు బంధువుల్లోనూ మూర్ఛ ఉంది. హైస్కూల్లో తోటి పిల్లల ఎగతాళి భరించలేక చదువు మానేశాడు. కొన్నాళ్లకు మరో బడిలో చేరి, ఇరవై ఒకటో ఏట గట్టెక్కాడు. అండర్‌వుడ్ టైప్‌రైటర్ల ఫ్యాక్టరీలో పని దొరికింది గానీ, ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి అదీ సాగలేదు. రోజుకు పది దాకా చిన్న ఫిట్స్, వాటి మీద వారానికోసారి పెద్దది. డైలాంటిన్ సహా అప్పట్లో దొరికే మందులన్నీ పెద్ద మోతాదుల్లో వాడి చూశారు. ఏదీ పట్టలేదు.

అతన్ని చూస్తున్న డాక్టరు విలియం బీచర్ స్కోవిల్. పేరున్న న్యూరోసర్జన్, చెయ్యి చురుకు, వేగంగా పోయే కార్లంటే పిచ్చి. మెదడు రక్తనాళాల ఉబ్బుకు వేసే ఒక క్లిప్ ఆయన పేరుతోనే వాడుకలోకి వచ్చింది. అయితే ఆ రోజుల్లో ఆయన పేరు ఎక్కువగా వినపడింది లోబాటమీ వల్ల. మెదడు ముందుభాగపు తంతువులను తెగ్గోసి మానసిక రోగిని ‘శాంతపరిచే’ ఆపరేషన్ అది. దాన్ని కనిపెట్టినందుకు పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కిటకిటలాడే ప్రభుత్వ పిచ్చాసుపత్రులు, చేతిలో సరైన మందు లేని వైద్యులు, ఎదురు చెప్పలేని రోగులు. కొత్త కోత ఏదైనా వేసి చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

స్కోవిల్ అలాగే చేశారు. మామూలు లోబాటమీ రోగిని మరీ మొద్దుబారుస్తోందని, కణతల వెనక లోపలివైపు ఉండే భాగాలను తీసి చూడటం మొదలుపెట్టారు. అక్కడ బాదంగింజంత అమిగ్డలా, దాని వెనక వంపు తిరిగిన హిప్పోకాంపస్ ఉంటాయి. ఎడమకొకటి, కుడికొకటి. వాటికి వాసనతో, ఉద్వేగాలతో ఏదో సంబంధం ఉందని అప్పటి శాస్త్రం అనుకుంటోంది. జ్ఞాపకం ఊసు ఎవరికీ లేదు. నిజానికి 1900 ప్రాంతంలోనే రష్యాలో బెఖ్తెరెవ్ ఒక రోగి గురించి రాశారు. బతికుండగా మతిమరుపు, చనిపోయాక తెరిచి చూస్తే రెండు వైపులా అదే ప్రాంతం మెత్తబడి ఉంది. ఆ సంగతి అరలోనే ఉండిపోయింది.

ఆ ప్రాంతంలోనే చాలాసార్లు ఫిట్స్ పుడతాయని స్కోవిల్‌కు తెలుసు. పిచ్చాసుపత్రుల్లో అలవాటైన ఆపరేషనే మూర్ఛ రోగికీ పనికొస్తుందేమో అనుకున్నారు. హెన్రీకి ఈఈజీ తీశారు. ఫిట్స్ మెదడులో ఫలానా చోట పుడుతున్నాయని అందులో తేలలేదు. తేలకపోతే ఆగాలి. స్కోవిల్ ఆగలేదు. ఒక వైపు తీసి ఊరుకోనూలేదు. కనుబొమల పైన పుర్రెకు రెండు రంధ్రాలు చేసి, మెదడు ముందుభాగాన్ని పల్చటి గరిటెతో మెల్లగా ఎత్తి పట్టుకుని, రెండు వైపుల నుంచీ అమిగ్డలాను, హిప్పోకాంపస్‌లో ఎక్కువ భాగాన్ని, వాటి చుట్టూ ఉన్న పొరను గొట్టంతో పీల్చేశారు. ఇది ప్రయోగమేనని, రోగి స్థితి అంత అధ్వాన్నంగా ఉంది కాబట్టే చేశానని తర్వాత ఆయనే ఏ దాపరికం లేకుండా రాశారు. ఆ నిజాయితీని ఒప్పుకుంటాను. కానీ ‘ప్రయోగం’ అన్న మాట ఆపరేషన్ బల్ల ఎక్కకముందు హెన్రీకి, అతని తల్లిదండ్రులకు ఎంత అర్థమయ్యేలా చెప్పారన్నదే అసలు ప్రశ్న.

ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆసుపత్రి సిబ్బందిని హెన్రీ గుర్తుపట్టడం లేదు. బాత్‌రూముకు దారి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. పొద్దున ఏం జరిగిందో మధ్యాహ్నానికి లేదు. ఇంటికి తీసుకెళ్లాక సంగతి పూర్తిగా బయటపడింది. పది నెలల తర్వాత వాళ్లు అదే వీధిలో కాస్త దూరంలోని ఇంటికి మారారు. ఏడాది కావస్తున్నా హెన్రీకి కొత్త చిరునామా రాలేదు, పాతింటికే నడిచి వెళ్లేవాడు. నిన్న గడ్డి కోసిన యంత్రం ఎక్కడుందో ఇవాళ తల్లి చెప్పాలి. అవే పత్రికలు, అవే బొమ్మముక్కల పజిళ్లు ప్రతిసారీ కొత్తగానే ముందేసుకునేవాడు. ఇష్టమైన మేనమామ పోయాడని చెబితే దుఃఖపడేవాడు. కాసేపటికి మరిచిపోయి ఆయన సంగతి అడిగేవాడు. చెబితే మళ్లీ కొత్తగా దుఃఖం.

సూర్య ‘గజిని’ చూసిన పాఠకులకు ఇదంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ హీరోకి పగ మాత్రం గుర్తుంటుంది, కథ నడవాలి కదా. హెన్రీకి ఎవరి మీదా పగ లేదు. పలకరిస్తే నవ్వేవాడు, మర్యాదగా మాట్లాడేవాడు, పాతకాలపు జోకులు వేసేవాడు.

స్కోవిల్ ఈ నష్టాన్ని 1954లోనే ఒక వ్యాసంలో ప్రస్తావించారు. ఎవరూ పట్టించుకోలేదు. మలుపు మరోవైపు నుంచి వచ్చింది. కెనడాలో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛ శస్త్రచికిత్సలో ఆ కాలపు పెద్దదిక్కు. ఆయన ఎప్పుడూ ఒక వైపే ఆపరేషన్ చేసేవారు, రోగికి సాధారణంగా పెద్ద నష్టం ఉండేది కాదు. అలాంటిది ఇద్దరు రోగులకు మాత్రం ఎడమ వైపు ఆపరేషన్ తర్వాత జ్ఞాపకశక్తి దెబ్బతింది. వాళ్లకు రెండో వైపు కూడా ముందే పాడై ఉండాలని పెన్‌ఫీల్డ్, ఆయన దగ్గర పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఊహించారు. (ఆ ఊహ నిజమే. ఆ రోగుల్లో ఒకరు చనిపోయాక 1964లో చూస్తే కుడి హిప్పోకాంపస్ కుంచించుకుపోయి ఉంది.) వాళ్ల పరిశోధన సంగతి చదివిన స్కోవిల్ పెన్‌ఫీల్డ్‌కు ఫోన్ చేశారు. అలాంటి రోగి తన దగ్గరా ఒకరున్నారని చెప్పారు.

అలా మిల్నర్ 1955 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్ వచ్చారు. ఇంగ్లండ్‌లో 1918లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివి, 1944లో కెనడా చేరిన మనిషి ఆమె. పరీక్ష పెట్టడంలో ఆమెకున్న నేర్పు అప్పట్లో చాలామంది వైద్యులకు లేదు. తేదీ అడిగితే హెన్రీ 1953 మార్చి అన్నాడు. వయసు అడిగితే ఇరవై ఏడు అన్నాడు. తెలివితేటల పరీక్షలో 112 వచ్చింది, ఆపరేషన్‌కు ముందు 104 ఉండేది. తెలివి తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం 67. మామూలు మనిషికి అది వంద దగ్గర ఉండాలి. పరీక్షకు ముందే కార్ల్ ప్రిబ్రమ్ అనే డాక్టరుతో మాట్లాడి వచ్చాడు, ఆ సంగతే అతనికి లేదు.

మిల్నర్ హెన్రీతోనే ఆగలేదు. స్కోవిల్ చేతిలో ఆ రకం ఆపరేషన్ అయిన మిగతావాళ్లనూ చూశారు. మొత్తం పది మంది, అందులో ఎనిమిది మంది మానసిక రోగులు. 1957లో స్కోవిల్, మిల్నర్ కలిసి ప్రచురించిన వ్యాసంలో ఈ పది మందికీ ఒక పట్టిక ఉంది. జ్ఞాపకం తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు ముగ్గురు, ఒక మోస్తరుగా దెబ్బతిన్నవాళ్లు ఐదుగురు, ఏమీ కానివాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి ఒక వైపే తీశారు. మరొకరికి రెండు వైపులా తీసినా కోత ముందుభాగంతోనే ఆగింది, హిప్పోకాంపస్ జోలికి పోలేదు. లాష్లీకి దొరకని చోటు ఈ పట్టికలో దొరికింది. రెండు హిప్పోకాంపస్‌లూ పోతే కొత్త జ్ఞాపకం నిలవదు.

ఈ వ్యాసాన్ని నాడీశాస్త్రంలో మైలురాయి అంటారు. నిజమే. నన్ను పట్టి ఆపేది మాత్రం పట్టికలోని ఆ ఎనిమిది మంది. మానసిక రోగం మాటున వాళ్ల జ్ఞాపకం పోయిన సంగతే మరుగునపడింది. నిన్న చెప్పింది ఇవాళ గుర్తులేదంటే పిచ్చిలో భాగమనుకున్నారు. వాళ్లలో ఒకాయన స్వయంగా వైద్యుడు, నలభై ఏడేళ్లవాడు. హెన్రీ పిచ్చివాడు కాదు కాబట్టి, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేవాడు కాబట్టి, నష్టం కళ్లకు కట్టింది.

ఇక హెన్రీ ఏం పోగొట్టుకున్నాడో, ఏం పోలేదో విడమరిచి చూడాలి. మిల్నర్ ఒకసారి అతనికి 584 అనే అంకె చెప్పి గుర్తుంచుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే ఠక్కున చెప్పాడు. ఎలా చేశావంటే వివరించాడు. ఐదు, ఎనిమిది, నాలుగు కలిపితే పదిహేడు. ఎనిమిదిని గుర్తుంచుకుని పదిహేడులోంచి తీసేస్తే తొమ్మిది. తొమ్మిదిని రెండుగా విడదీస్తే ఐదు, నాలుగు. అంటే ఆ పావుగంటా అతను ఈ లెక్కనే మనసులో తిప్పుతూ కూర్చున్నాడన్నమాట. మాట మారింది. ఒక నిమిషం గడిచింది. అంకే కాదు, అంకె చెప్పిన సంగతే పోయింది.

మన అవధాన సభల్లో అప్రస్తుత ప్రసంగి ఒకరు కూర్చుంటారు. సందర్భం లేని ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అన్నిటికీ చమత్కారంగా జవాబు చెప్పిన అవధాని, చివర్లో ధారణకు వచ్చేసరికి గంటల కిందట చెప్పిన పద్యాలను పొల్లుపోకుండా అప్పజెబుతారు. హెన్రీ దగ్గర అవధానం ఉంది, ధారణ లేదు. ఒక్క అప్రస్తుత ప్రసంగం చాలు, అంతా తుడిచిపెట్టుకుపోయేది. మెదడులో ఈ రెండూ వేర్వేరు పనులని అంతకుముందు ఊహించినవాళ్లున్నారు. విడదీసి చూపించింది మాత్రం ఇతను.

మరో పరీక్ష ఇంకా పేరుపొందింది. కాగితం మీద రెండు గీతలతో గీసిన నక్షత్రం. ఆ గీతల మధ్యన పెన్సిల్‌తో గీస్తూ చుట్టూ తిరిగి రావాలి, కానీ చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలోనే చూడాలి. ఎవరైనా చేసి చూడండి, మొదటిసారి చెయ్యి అడ్డదిడ్డంగా పోతుంది. హెన్రీతో మూడు రోజుల్లో ముప్పై సార్లు గీయించారు. మొదటి రోజు తప్పుల కుప్ప. రెండో రోజు నిన్నటి చివర ఎక్కడ ఆపాడో దాదాపు అక్కణ్నుంచే మొదలెట్టాడు. మూడో రోజు చెయ్యి చక్కగా తిరిగింది. ఇంత కష్టమనుకుంటే తేలిగ్గానే ఉందే అని అతనే ఆశ్చర్యపోయాడు. ఎందుకంటే ఆ పని తాను అంతకుముందు చేసినట్టు అతనికి తెలియదు. చెయ్యి నేర్చుకుంది, మనిషికి తెలియలేదు. 1962లో మిల్నర్ దీన్ని ప్రచురించారు. సైకిల్ తొక్కడం, ఈత, వీణ మీద వేళ్లు నడవడం, ఇవన్నీ నిలిచే చోటు హిప్పోకాంపస్ కాదని ఇవాళ ఏ వైద్య విద్యార్థిని అడిగినా చెబుతాడు. ఆ తెలివిడికి మొదటి గట్టి రుజువు ఈ నక్షత్రమే.

జ్ఞాపకం కన్నా చూపుకు దగ్గరైన పరీక్ష ఇంకొకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. ఏనుగు, విమానం లాంటి బొమ్మల్ని విడివిడి ముక్కలుగా, అరకొరగా గీసి చూపిస్తారు. పోల్చుకోలేకపోతే మరికొన్ని గీతలున్న కార్డు, ఇంకా రాకపోతే ఇంకొన్ని. హెన్రీ మొదటిసారి చాలా తప్పులు చేశాడు. గంట తర్వాత అవే బొమ్మలు మళ్లీ చూపారు. ముందు చూసిన గుర్తే లేదు, కానీ తప్పులు సుమారు సగానికి తగ్గిపోయాయి. చుక్కల్లాంటి గీతల్లోంచి ఏనుగు త్వరగా లేచి వచ్చింది. ఒకసారి చూసిన దాన్ని రెండోసారి కన్ను తేలిగ్గా పోల్చుకుంటుంది. మనకు తెలిసి జరిగే గుర్తుపెట్టుకోవడానికీ దీనికీ పొత్తు లేదు. అంటే మన ముందున్న లోకాన్ని మనం చూసే ప్రతిసారీ, ఇదివరకు చూసినవన్నీ మన అనుమతి లేకుండానే ఆ చూపులో చెయ్యి పెడుతున్నాయి.

బయటి లోకం సంగతి అలా ఉంటే, ఒంటి లోపలి కబురు కూడా హెన్రీకి సరిగా అందేది కాదు. ఆకలి ఎంత ఉందో సున్నా నుంచి వంద లోపు చెప్పమంటే, తిండికి ముందు యాభై అనేవాడు, తిన్నాక కూడా యాభై అనేవాడు. 1980లలో ఒకసారి కడుపు నిండా భోజనం పెట్టి, పళ్లెం తీసేసి, ఒక నిమిషం తర్వాత మరో భోజనం తెచ్చిపెట్టారు. మామూలు వేగంతో దాన్నీ తినేశాడు, సలాడ్ మాత్రం మిగిల్చాడు. వాసన ఉందో లేదో చెప్పగలిగేవాడు, అది దేని వాసనో చెప్పలేకపోయేవాడు. కడుపు నిండిందన్న తృప్తిలో కూడా ‘ఇప్పుడే తిన్నాను’ అన్న జ్ఞాపకం పాలు ఎంతుందో ఈ భోజనం చెబుతుంది. హెన్రీకి అమిగ్డలా కూడా పోయింది కాబట్టి తప్పంతా జ్ఞాపకం మీదే వేయకూడదని కూడా చెప్పుకోవాలి.

1962లో అతన్ని మాంట్రియల్ తీసుకెళ్లినప్పుడు అక్కడ పరీక్షించిన వారిలో సుజాన్ కోర్కిన్ అనే విద్యార్థిని ఉన్నారు. ఆమె పెరిగింది హార్ట్‌ఫర్డ్ ప్రాంతంలోనే, చిన్నప్పుడు స్కోవిల్ కుటుంబానికి ఎదురింట్లో! తర్వాత ఎంఐటీలో ప్రొఫెసరై, హెన్రీ చనిపోయేదాకా అతని మీద పరిశోధన నడిపించారు. అన్నేళ్ల పరిచయంలో ఆమె అతనికి ఎవరూ కాదు. ఎక్కడో చూసినట్టుంది అనేవాడు, హైస్కూల్లో కలిసి చదివామేమో అనేవాడు.

కోర్కిన్ బృందం తవ్వి చూస్తే, ఆపరేషన్‌కు ముందరి బతుకు కూడా అతని దగ్గర పూర్తిగా లేదని తేలింది. ఎక్కడ పుట్టాడో, ఏ బడికి వెళ్లాడో చెప్పేవాడు. ఒక ఫలానా రోజు జరిగిన సంఘటన చెప్పమంటే తడుముకునేవాడు. స్పష్టంగా చెప్పగలిగిన బహుకొద్ది వాటిలో ఒకటి, పదమూడో ఏట ఎక్కిన చిన్న విమానం. హార్ట్‌ఫర్డ్ మీద చక్కర్లు కొడుతుంటే పైలట్ కాసేపు విమానాన్ని అతని చేతికిచ్చాడు. ఆ సంగతి ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు. మరో వింత: 1958 నుంచి 1974 దాకా ఉన్న ఇంటి నక్షా అడిగితే, గదులన్నీ సరైన చోట పెట్టి గీశాడు. రోజూ తిరిగిన గోడలు ఏదో దారిన లోపలికి చేరాయి. 1990లలో ఎమ్‌ఆర్‌ఐ తీస్తే, స్కోవిల్ అనుకున్న 8 సెంటీమీటర్లు కాదు, తీసింది 5 సెంటీమీటర్ల మేరకేనని, హిప్పోకాంపస్ వెనక కొస కొంత మిగిలి ఉందని కనబడింది. మిగిలింది కూడా కుంచించుకుపోయి ఉంది.

తండ్రి 1966లో పోయాడు. తల్లికి ఓపిక ఉడిగాక, 1974లో ఒక బంధువురాలి ఇంటికి, 1980లో విండ్సర్ లాక్స్‌లోని సంరక్షణ గృహానికి చేరాడు. గళ్లనుడికట్లు పూరించడం అతనికి మహా ఇష్టం. తన గురించి డాక్టర్లు తెలుసుకున్నది ఇంకొకరికి పనికొస్తే మంచిదే కదా అనేవాడు. ఇది అంగీకారమేనా? మనసులో ఒక నిమిషం నిలవని ఒప్పందానికి సంతకం విలువ ఎంత? 1992లో కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించి, ఆయన చేత మెదడు దానానికి కూడా అంగీకారం తీసుకున్నారు. అప్పటికి పరిశోధన మొదలై ముప్పై ఏడేళ్లు.

హెన్రీ 2008 డిసెంబరు 2న, 82వ ఏట చనిపోయాడు. ఆ రాత్రంతా బోస్టన్‌లో అతని మెదడుకు ఎమ్‌ఆర్‌ఐ తీశారు. ఏడాది తర్వాత శాన్ డియాగోలో జాకోపో అనీస్ బృందం దాన్ని గడ్డకట్టించి, 53 గంటల పాటు కోసి, 2,401 పల్చటి పొరలుగా విడదీసింది. ఇంటర్నెట్‌లో లక్షల మంది ప్రత్యక్షంగా చూశారు. మరణించాకే లోకానికి అతని పూర్తి పేరు తెలిసింది. అంతదాకా పుస్తకాల్లో అతను ‘హెచ్.ఎం.’

స్కోవిల్ 1984లో కారు ప్రమాదంలో పోయారు. హెన్రీకి చేసిన ఆపరేషన్ మరెవరికీ చేయొద్దని ఆయనే తోటి సర్జన్లను హెచ్చరించారు, 1957 వ్యాసం ఉద్దేశాల్లో ఆ హెచ్చరిక ఒకటి. తన తప్పు తానే అచ్చు వేయించిన వైద్యుడిగా ఆయనకు మార్కులు వేయాల్సిందే. కానీ ఈఈజీ ఏమీ చూపనప్పుడు రెండు వైపులా తీసేయడం ఆనాటి వైద్యం లెక్కలో కూడా తొందరపాటే. ఒక వైపుతో ఆగే పెన్‌ఫీల్డ్ అదే కాలంలో ఉన్నారు. ‘అప్పట్లో తెలియదు’ అనే సమాధానం నా వరకు చెల్లదు. హెన్రీకి కనీసం అతని పేరు తిరిగి దక్కింది. పట్టికలోని ఆ ఎనిమిది మంది మానసిక రోగులు ఏమయ్యారో పాఠ్యపుస్తకాలు చెప్పవు.

వచ్చే భాగంలో మళ్లీ ఎలుకల దగ్గరకే వెళదాం. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ ఒక ఎలుక హిప్పోకాంపస్‌లో సన్నటి తీగ పెట్టి, అది గదిలో ఒక ఫలానా మూలకు వచ్చినప్పుడే మోగే కణాన్ని పట్టుకున్నారు.